పద్యం కుండ మీదకెక్కితే ఏమవుతుంది? కవిత్వం, చేతి సెరామిక్స్ కలిసే చోట జరిగే పని

క్లుప్తంగా: కవితలు రాస్తూ, మట్టి పాత్రలు చేస్తూ, రెండిటినీ కలిపి ఒకే పనిగా చూపించే ఆర్టిస్టులు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటే పొరపాటే, పాత్ర మీద పద్యం రాయడం దాదాపు 2,700 ఏళ్ల నాటి పని. మట్టి ఆరే టైము, అది కుదించుకుపోవడం, గ్లేజ్ (పాత్ర మీద పూసి కాల్చే గాజులాంటి పూత) కారడం, పాత్ర గుండ్రంగా ఉండటం, ఈ నాలుగూ కలిసి కవితని ఎడిట్ చేస్తాయి. ఆ ఎడిటింగ్‌కి ఒప్పుకుని రాసినవి నిలబడుతున్నాయి, మిగతావి కొటేషన్ అచ్చేసిన కప్పులకి కొంచెం ఖరీదైన చుట్టాలు, అంతే.

తికమక ఎక్కడొస్తోంది

పుస్తకంలో కవిత ఉంటే దాన్నెలా చూడాలో అందరికీ తెలుసు. కుండ సంగతీ అంతే, ఎత్తి చూస్తారు, వేలితో కొట్టి మోగుతోందో లేదో వింటారు, అంచు నున్నగా ఉందా అని తడుముతారు. రెండూ కలిసి ఒకే వస్తువుగా ఎదురైతేనే ఇబ్బంది. సాహిత్యం వైపు వాళ్లకి అది అలంకారంలా కనిపిస్తుంది, సెరామిక్స్ వైపు వాళ్లకేమో మంచి గ్లేజ్ మీద అనవసరంగా రాతలు గీకినట్టు ఉంటుంది. పోటీలకి, గ్రాంట్లకి అప్లై చేసేటప్పుడు ఏ కేటగిరీలో పెట్టాలన్నది ఇంకో తలనొప్పి.

దీనికి తోడు ఒక అందమైన పోలిక బాగా తిరుగుతోంది, కవి మాటల్ని మలిచినట్టే కుమ్మరి మట్టిని మలుస్తాడు అని. వినడానికి బానే ఉంటుంది గానీ దాంతో అర్థమయ్యేది చాలా తక్కువ. వడ్రంగం గురించీ, వంట గురించీ కూడా అదే మాట అనొచ్చు కదా. అసలు తేడా తెలియాలంటే పోలిక పక్కన పెట్టి, అక్షరం మట్టిలోకి ఎప్పుడు దిగుతోంది, ఎవరి చేత్తో దిగుతోంది, దిగాక దానికి ఏమవుతోంది అని చూడాలి.

రాసిన వేళ చూస్తే రాసినవాడు తెలుస్తాడు

కవిత్వానికి కాగితం కన్నా మట్టితోనే పాత పరిచయం. పేరు తెలిసిన తొలి కవుల్లో ఒకరైన, మెసపొటేమియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) పూజారిణి ఎన్‌హెదువన్నా స్తోత్రాలు మనదాకా వచ్చింది మట్టి పలకల మీదే, అదీ ఆమె తర్వాత శతాబ్దాల్లో తీసిన నకళ్ల వల్ల. క్రీ.పూ. 612లో అస్సీరియా రాజధాని నినెవే తగలబడినప్పుడు అక్కడి రాజుగారి లైబ్రరీలో మట్టి పలకలు చాలావరకు ఉత్తి ఎండబెట్టినవే, ఆ మంటకి కాలి ఇంకా గట్టిపడ్డాయి. కాగితానికి శత్రువైన నిప్పు మట్టికి బైండింగ్ చేసిపెట్టింది.

పాత్రల దగ్గరికొస్తే, ఇటలీలోని ఇస్కియా ద్వీపంలో 1954లో ఒక సమాధిలో దొరికిన కప్పు ఉంది, నెస్టర్ కప్పు అంటారు (నెస్టర్ అంటే హోమర్ కావ్యంలోని ముసలి రాజు, అతని కప్పు అందులో పేరుపొందింది), క్రీ.పూ. 8వ శతాబ్దంది. దాని మీద గ్రీకులో మూడు లైన్లు, ఇందులో తాగినవాణ్ణి ప్రేమదేవత పట్టుకుంటుంది అని ఒక సరదా హెచ్చరిక. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఆ లైన్లు కాల్చేసిన కప్పు మీద తర్వాత గీకినవి. అంటే కవిత కుమ్మరిది అనుకోవడానికి లేదు, కప్పు చేతిలోకి వచ్చిన తర్వాత ఎవరో ఆడిన ఆట అది. ఏథెన్స్‌లో 1871లో దొరికిన డిపిలాన్ కూజా మీద రాత కూడా ఇలా తర్వాత గీకిందే.

చైనాలో టాంగ్ రాజవంశ కాలపు చాంగ్షా కొలుముల కూజాలు దీనికి పూర్తిగా రివర్సు. వాటిమీద పద్యం ముందు కుంచెతో, ఐరన్ ఉన్న గోధుమరంగుతో రాసి, పైన గ్లేజ్ పూసి అప్పుడు కాల్చారు, కాబట్టి అది వర్క్‌షాపులో జరిగిన పని. ఎక్కువభాగం రాసినవాళ్ల పేర్లు లేని చిన్న పద్యాలు, లైనుకి ఐదక్షరాల చొప్పున నాలుగు లైన్లు, మొత్తం ఇరవై అక్షరాలు. నువ్వు పుట్టినప్పటికి నేను పుట్టలేదు, నేను పుట్టేసరికి నువ్వు ముసలివైపోయావు అనే పద్యం అలాంటి కూజా మీద దొరికిందే. ఇవి రాజుల కోసం చేసిన వస్తువులేం కావు, సరుకు. ఇండోనేషియా దగ్గర బెలిటుంగ్‌లో 1998లో బయటపడ్డ 9వ శతాబ్దపు ఓడలో దాదాపు 60,000 వస్తువులుంటే వాటిలో అత్యధికం చాంగ్షా సామానే, ఒక గిన్నె మీద 826 నాటి తేదీ కూడా ఉంది. అన్నిటిమీదా పద్యాలు లేవనుకోండి, బొమ్మలున్నవే ఎక్కువ. అయినా కవిత్వం ఉన్న కుండ అంటే గ్యాలరీలో గాజుపెట్టెలో ఉండేది అనే ఊహ ఎంత కొత్తదో ఇక్కడ తెలిసిపోతుంది.

కాబట్టి మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: తడి మట్టిలో రాశారా, గ్లేజ్ కింద రాశారా, కాల్చాక గీకారా? దాన్ని బట్టే ఆ కవిత తయారీలో భాగమా, తర్వాత వచ్చిన అతిథా అన్నది తేలుతుంది.

తడి మట్టి ఇచ్చే కొన్ని గంటలు

సారె మీద నుంచి అప్పుడే దింపిన పాత్ర మీద సూది పెడితే గీత వెనకాలే మట్టి లేస్తుంది, అక్షరం అంచులు చిరుగుతాయి, పాత్ర గోడ లోపలికి సొట్టపోతుంది. పూర్తిగా ఎండాక గీస్తే పొడి రాలుతుంది, ఒక్కోసారి పెచ్చు ఊడొస్తుంది. ఈ రెండిటి మధ్య ఒక దశ ఉంటుంది, స్టూడియోల్లో లెదర్ హార్డ్ అంటారు, తోలంత గట్టిగా, పట్టుకుంటే వంగకుండా, సూది పెడితే వెన్నలో దిగినట్టు దిగే దశ. పలచటి కప్పుకి ఎండాకాలంలో ఆ దశ గంటలో దాటిపోవచ్చు, కవర్ కప్పి ఉంచితే రెండుమూడు రోజులు కూడా ఆపొచ్చు. కవితకి ఫైనల్ వెర్షన్ రావాల్సిన డెడ్‌లైన్ ఇదే, ఎడిటర్ ఎవరూ ఇంత కచ్చితంగా పెట్టరు.

తెలుగు అక్షరాలకైతే ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మన లిపి గుండ్రంగా ఉండటానికి తాటాకు మీద గంటంతో రాయడమే కారణమని, నిలువు, అడ్డగీతలు గట్టిగా గీస్తే ఆకు చీలుతుందని మామూలుగా చెప్పే వివరణ. మట్టి స్వభావం దీనికి ఎదురు. మట్టిలో చిన్న చిన్న తిన్నని గాట్లు ఈజీ, వంపులు కష్టం, అందుకే మెసపొటేమియా వాళ్లు మట్టిని గీకడం మానేసి రెల్లుపుల్లతో నొక్కుతూ మేకుల్లాంటి లిపి తయారుచేసుకున్నారు. ఆకు కోసం గుండ్రంగా మారిన అక్షరాన్ని తీసుకొచ్చి మట్టిలో దింపితే ఏమవుతుందో దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. 'ఠ' రాస్తే సూది చుట్టూ తిరిగొచ్చి మొదలైన చోటే కలుస్తుంది, కలిసిన క్షణంలో మధ్యలో మిగిలిన బుడిపె నాలుగు వైపులా తెగి, ఎండేటప్పుడు టప్పున ఊడిపోతుంది. సున్నా కూడా అంతే. 'త' తోక దగ్గర సూది తిప్పేచోట మట్టి ఒక చిన్న ముద్దలా పేరుకుంటుంది, దాన్ని అప్పుడే తుడిస్తే గీత పూడుకుపోతుంది, పూర్తిగా ఎండాక కుంచెతో దులిపితే శుభ్రంగా పోతుంది. ఒత్తులు ఇంకా ఘోరం, 'స్త్ర' లాంటిది రాస్తే కింద లైనుకి తగిలిపోతుంది. ఇది తెలిసినవాళ్లు అక్షరాన్ని పూర్తిగా మూయకుండా వెంట్రుకంత సందు వదిలేస్తారు, ఒత్తుల బరువు తక్కువ ఉన్న మాట వెతుక్కుంటారు. అంటే ఏ మాట వాడాలన్నది అర్థం ఒక్కటే నిర్ణయించట్లేదు, మట్టి కూడా ఒక ఓటు వేస్తోంది.

ఇందులోనే ఒక కలిసొచ్చే విషయమూ ఉంది. తాటాకు మీద గంటంతో గీకితే అక్షరం కనపడదు, మసి పూసి తుడిస్తే గాడిలో మాత్రమే నలుపు మిగిలి అక్షరం తేలుతుంది. పాటరీలో సరిగ్గా ఇదే పద్ధతి ఉంది, గీసిన పాత్రని ఒకసారి కాల్చాక ఐరన్ ఆక్సైడ్ నీళ్లలో కలిపి పూసి, స్పాంజితో తుడిస్తే గాళ్లలో ఉన్నదే మిగులుతుంది. గాడిలో వేరే రంగు మట్టి నింపి గీకేస్తే దాన్ని మిషిమా అంటారు, కొరియావాళ్లు 12వ శతాబ్దానికే ఈ పొదుగుడు పనిలో ఆరితేరారు.

గుండ్రటి పేజీ లెక్క

పుస్తకంలో పేజీకి ఎడమ అంచు, కుడి అంచు ఉంటాయి, కప్పుకి అవి లేవు. ఈ ఒక్క తేడా కవిత్వాన్ని ఎంత కదిలిస్తుందో లెక్కేసి చూస్తేనే తెలుస్తుంది. 8 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న కప్పు చుట్టుకొలత సుమారు 25 సెంటీమీటర్లు, పిడికి ఓ 3 సెంటీమీటర్లు వదిలితే 22 మిగిలాయి, అక్షరానికి సెంటీమీటరు చొప్పున చుట్టుకి 22 అక్షరాలు. ఆటవెలది తీసుకుంటే గణాల్ని బట్టి పాదానికి 10 నుంచి 17 అక్షరాలు, మొత్తం పద్యం 44 నుంచి 64 మధ్య వస్తుంది. పాదానికో చుట్టు ఇస్తే నాలుగు వరసలు పడతాయి, ఆపకుండా స్ప్రింగులా రాసుకుపోతే రెండు మూడు చుట్లలో అయిపోతుంది. సీసం అయితే కప్పు వల్ల కాదు, కింద గీతం కూడా ఉంటుంది కాబట్టి జాడీ కావాల్సిందే. జపాన్ వాళ్ల వాకా అనే చిన్న పద్యానికి 31 ధ్వనిమాత్రలు, చాంగ్షా పద్యానికి ఇరవై అక్షరాలు, పాత్రల మీద దొరికేవి ఎక్కువ ఇలాంటి పొట్టి రూపాలే కావడం యాదృచ్ఛికం కాదు, టేపు పెట్టి కొలిస్తే తేలే విషయం.

అసలు సంగతి స్ప్రింగు చుట్టు దగ్గర ఉంది. ఆపకుండా తిప్పి రాస్తే పాదం ఎక్కడ ముగిసిందో కన్ను చెప్పలేదు. ఛందస్సులో ఉన్న పద్యానికి దీనివల్ల నష్టం ఏమీ లేదు, గణాలు, యతి చెవికి దొరుకుతాయి, చదివేవాడు నాలుగో గణం దగ్గర యతి తగలగానే తనంతట తనే లైను విరుచుకుంటాడు. వచన కవిత పరిస్థితి వేరు. దానికి లైను ఎక్కడ విరిగిందన్నదే లయ, ఆ విరుపు మొత్తం కాగితం మీద ఖాళీ జాగా చూపించేది, కప్పు చుట్టూ తిప్పితే ఆ ఖాళీ పోయి కవిత వట్టి వాక్యమైపోతుంది. పాతకాలపు పద్యం అని పక్కన పెట్టిన రూపమే మట్టి మీద ఎక్కువ సేఫ్ అన్నమాట, వచన కవితేమో కొత్త ఏర్పాటు అడుగుతుంది. కొందరు ప్రతి లైనునీ వేరే చిన్న గిన్నె మీద రాసి వరసగా పెడతారు, అప్పుడు గిన్నెకీ గిన్నెకీ మధ్య ఖాళీయే లైను విరుపు అవుతుంది, గిన్నెలు జరిపితే కవిత మారుతుంది కూడా. ఇంకొందరు పాత్ర లోపలి గోడ వాడుకుంటారు, కప్పులో ఉన్నది తాగుతుంటే పైనుంచి ఒక్కో లైనూ బయటపడి చివరి మాట అడుగున దొరుకుతుంది. చదివే స్పీడుని తాగే స్పీడు నిర్ణయించడం పుస్తకంలో కుదరని పని. కాకపోతే లోపల లోతుగా గీసి గ్లేజ్ సరిగా పట్టించకపోతే గాళ్లలో తిన్నది ఇరుక్కుంటుంది, వాడే పాత్రలో అది ఒప్పుకోదగ్గది కాదు.

నిప్పు చేతిలో చివరి ప్రూఫ్

కాల్చని మట్టిని నీళ్లలో వేస్తే మళ్లీ ముద్ద అవుతుంది, కవిత నచ్చకపోతే డ్రాఫ్టు చింపినట్టే, మట్టి కూడా వేస్టు కాదు. సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య మట్టి అణువుల్లో కట్టుబడి ఉన్న నీళ్లు కూడా వెళ్లిపోతాయి, అక్కణ్ణుంచి వెనక్కి రావడం లేదు. అక్షరదోషం ఉంటే అది ఇంక శాశ్వతం. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్న సామెతలో గుదియ బయటి నుంచి వస్తుంది, ఇక్కడ ఆ పెట్టు వేసేది సొంత కొలిమే. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా సైజు మారుతుంది, వేడి ఎక్కేటప్పుడూ, చల్లారేటప్పుడూ. అప్పుడు పగులు పుట్టాలంటే ఎక్కడో ఒక బలహీనమైన చోటు కావాలి, వి-ఆకారంలో లోతుగా దిగిన గీత దానికి మంచి చోటు. లోతుగా చెక్కిన మాట దగ్గరే పాత్ర విడిపోవడం చూస్తే ఏదో కవితాత్మకంగా అనిపించొచ్చు గానీ అది ఒత్తిడి ఒకచోట పోగవడం తప్ప ఇంకేం కాదు.

కుదింపు కూడా ఉంది. మట్టి రకాన్ని బట్టి తడి నుంచి ఫైనల్ ఫైరింగ్ దాకా మామూలుగా 8 నుంచి 15 శాతం దాకా తగ్గుతుంది, పోర్సెలిన్ (తెల్లటి సన్న పింగాణీ) అయితే పై అంచున ఉంటుంది. పాత్ర, అక్షరం రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కాబట్టి కవిత పట్టకపోవడం అంటూ ఉండదు, 10 మిల్లీమీటర్ల అక్షరం 12 శాతం తగ్గి 8.8 అవుతుంది, దాని మీద గ్లేజ్ మందం కలిస్తే ఒత్తులు కనపడకుండా పోతాయి, అంతే. గ్లేజ్ సంగతి ఇంకో కథ. సెలడాన్ అనే లేత ఆకుపచ్చ గ్లేజ్ లాంటి పారదర్శకమైన పూత గాళ్లలో నిండి అక్కడ ముదురు రంగు వేసుకుంటుంది కాబట్టి అక్షరం తేలుతుంది. తెల్లగా, చిక్కగా ఉండే గ్లేజ్ అదే గాడిని పూడ్చేస్తుంది. రంగుతో రాస్తే కోబాల్ట్ నీలం ఎంత వేడికైనా నమ్మకస్తుడు, రాగి మాత్రం కొలిమిలో గాలి ఎక్కువుంటే ఆకుపచ్చగా, తక్కువుంటే ఎర్రగా మారుతుంది, ఒక్కోసారి ఆవిరై పక్క పాత్ర మీద కూడా మరక వేస్తుంది. అలాంటి రంగుతో రాసిన కవిత ఎలా వస్తుందో రాసినవాళ్లకీ తెలీదు, కొందరికి అదే కావాలి.

చదవాలా, చూడాలా

ఇరాన్‌లోని నిషాపూర్‌లో 10వ శతాబ్దంలో తెల్లటి పళ్లేల మీద నల్లటి స్లిప్‌తో (పలచగా కలిపిన మట్టి) అరబిక్ అక్షరాలు రాశారు, వాటిలో చాలావరకు దీవెనలు, సామెతలు. పళ్లెం అంచు చుట్టూ అక్షరాల్ని సాగదీసి సాగదీసి, ఆ భాష వచ్చినవాళ్లు కూడా ఆగి ఆగి చదవాల్సినంతగా మార్చారు. అక్కడ చదవడం కష్టం కావడం లోపం కాదు, చదవడాన్ని నెమ్మది చేసే పద్ధతి. ఎడ్మండ్ డి వాల్ అనే బ్రిటిష్ కుమ్మరి, రచయిత 2019లో వెనిస్‌లో ఒక గది కట్టి, దాని బయటి గోడలకి పోర్సెలిన్ ద్రవం పూసి, చరిత్రలో నాశనమైపోయిన లైబ్రరీల పేర్లు దాని మీద రాశాడు, లోపల దేశం విడిచి వెళ్లాల్సి వచ్చిన రచయితల పుస్తకాలు 2,000 దాకా పెట్టాడు. అక్కడ పాత్ర కూడా లేదు, మట్టి గోడే పేజీ.

మరి కొటేషన్ అచ్చేసిన కప్పుకీ దీనికీ తేడా ఏంటి అంటే, నాణ్యత ఒక్కటే కాదు. ఆ కప్పు మీది మాటలు ముందు చదునైన దీర్ఘచతురస్రంగా కంప్యూటర్లో తయారై తర్వాత కప్పుకి చుట్టుకుంటాయి, అదే డిజైన్ టీషర్టు మీదకీ, దిండు మీదకీ వెళ్తుంది. కప్పు మారినా మాట మారదు. అలాగని అచ్చు పద్ధతే తప్పని కాదు. లేజర్ ప్రింటర్ నల్ల టోనర్ కొన్నింటిలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, దాంతో ప్రింటు తీసిన డెకాల్‌ని (పాత్రకి అంటించే అచ్చు కాగితం) అంటించి కాలిస్తే నలుపు పోయి ఇటుకరంగు గోధుమ అక్షరాలు మిగులుతాయి, చేతిరాత నకళ్లకి ఆర్టిస్టులు దాన్ని చాలా బాగా వాడుతున్నారు.

ఎవరి చెయ్యి, ఎవరి పేరు

క్యోటోలో ఒటగాకి రెంగెట్సు అనే బౌద్ధ సన్యాసిని, 1791లో పుట్టి 1875లో పోయింది, భర్తల్నీ పిల్లల్నీ పోగొట్టుకుని 1823లో సన్యాసం తీసుకుంది. బతుకుతెరువు కోసం సారె వాడకుండా చేత్తోనే నొక్కి టీ పాత్రలు చేసి వాటిమీద తన వాకాలు గీకి అమ్మేది. చేతిరాత సన్నగా, పాత్ర కొంచెం వంకరగా, ఆ వంకరకి తగ్గట్టే లైను వంగి ఉంటుంది. గిరాకీ ఎంత పెరిగిందంటే తర్వాత్తర్వాత వేరేవాళ్లు చేసిన పాత్రల మీద కూడా ఆమె రాసిచ్చింది, ఆమె బతికుండగానే నకిలీలు మార్కెట్లోకి వచ్చాయి. అంటే కొనేవాళ్లకి కావాల్సింది కుండా, కవితా, చేతిరాతా అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది, జవాబు చాలావరకు చేతిరాతే అనిపిస్తుంది.

అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రం ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతంలో డేవిడ్ డ్రేక్ కథ వేరే రకం. బానిసగా ఉన్న కుమ్మరి, 40 గ్యాలన్ల దాకా పట్టే, అంటే దాదాపు 150 లీటర్ల జాడీలు చేసేవాడు. బానిసలకి చదువు చెప్పడాన్ని నిషేధిస్తూ ఆ రాష్ట్రం 1834లో చట్టం తెచ్చింది. ఆ తర్వాత కూడా అతను తడి మట్టి మీద, జాడీ భుజం దగ్గర, రెండేసి లైన్ల పద్యాలు గీకి, కింద తేదీ వేసి, డేవ్ అని సంతకం పెట్టాడు. 1857 ఆగస్టు 16 నాటి జాడీ మీద తన బంధువులంతా ఎక్కడున్నారో అని అడిగాడు. మాంసం, కొవ్వు నిలవ చేసుకోవడానికి కొన్న యజమాని ఇంట్లో ఆ ప్రశ్న రోజూ కళ్ల ముందు ఉండేది. అదే మాట కాగితం మీద రాసుంటే చింపేసేవాళ్లు, సామాన్లు పెట్టుకునే జాడీని మాత్రం ఎవరు పగలగొట్టుకుంటారు? పాత్ర ఉపయోగపడటమే ఇక్కడ కవితకి రక్షణ. అతని జాడీ ఒకటి 2021 వేలంలో 15 లక్షల డాలర్లకి పైగా పలికింది.

వేరేవాళ్ల కవిత వాడుకునేవాళ్లకి మాత్రం ఒక మాట. కాపీరైట్ పుస్తకానికే కదా అనుకుంటారు, కాదు, బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో కవి చనిపోయాక కనీసం 50 ఏళ్ల దాకా ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ, అనువాదానికి విడిగా హక్కు ఉంటుంది. అమ్మే కప్పు మీద రాసినా అనుమతి కావాల్సిందే.

ఫోటోలో పడేది సగమే

ఇప్పుడు ఈ పనిని ఎక్కువమంది చూసేది ఫోన్లో. గుండ్రటి పాత్రని ముందు నుంచి ఫోటో తీస్తే మహా అయితే సగం చుట్టు కనిపిస్తుంది, అందులోనూ అంచుల దగ్గర అక్షరాలు నొక్కుకుపోతాయి, తేలిగ్గా చదవగలిగేది మూడో వంతే. 22 అక్షరాల చుట్టులో ఏడు. దీని ప్రభావం పని మీద కనిపిస్తూనే ఉంది, ఒకవైపు ఏడెనిమిది అక్షరాల్లో సరిపెట్టే రాతలు పెరుగుతున్నాయి, ఇంకోవైపు తిప్పుతూ తీసే చిన్న వీడియోల వల్ల స్ప్రింగు చుట్టు రాతకి మళ్లీ ఊపు వస్తోంది. వీడియోలో తిప్పే చెయ్యి స్పీడే చదివే స్పీడు. పళ్లేలకి ఈ బాధ లేదు, పైనుంచి తీస్తే మొత్తం పడుతుంది, కవిత ఉన్న పనుల్లో పళ్లేలు ఎక్కువ కనిపించడానికి బహుశా ఇదీ ఒక కారణం.

ఇంకో ఎఫెక్టు నెమ్మదిగా తెలిసేది. పుస్తకం వెయ్యి కాపీలుంటే ఒకటి పోయినా కవిత ఉంటుంది, చేత్తో చేసిన కప్పు ఒక్కటే కాపీ, జారిపడితే ఎడిషన్ మొత్తం పోయినట్టే. కానీ కాలిన మట్టి కుళ్లదు, తుప్పు పట్టదు, పెంకుగా మారి వేల ఏళ్లు ఉంటుంది. నెస్టర్ కప్పుని పెంకులు ఏరి అతికించారు, మొదటి లైన్లో కొన్ని అక్షరాలున్న ముక్క దొరకలేదు. అక్కడ ఏ మాట ఉండి ఉంటుందని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, ఒక మాట పెడితే ఇది నెస్టర్ కప్పు అని అర్థం, ఇంకోటి పెడితే నెస్టర్ కప్పు కన్నా ఇదే మేలు అని.